మూడుసార్లు కాదన్న తలుపు

"పావుగంట టైమిస్తున్నా," అన్నాడు ఇన్‌స్పెక్టర్, కుర్చీ లాక్కుని గుమ్మానికి అడ్డంగా కూర్చుంటూ. "అదీ వీళ్ళక్క ఏడుపు చూళ్ళేక."

"నేనేం ఏడవలేదు," అంది అక్క.

నిజమే, ఆవిడ ఏడవలేదు. నిద్రలేక ఎర్రబడిన కళ్ళతో ఆవిడ ఇన్‌స్పెక్టర్ని చూస్తున్న చూపుకి ఏడుపని పేరు పెట్టాలంటే చాలా ధైర్యం కావాలి. అటువంటి చూపులు ఉద్యోగంలో చేరిన నాటి నుంచీ తింటున్నాడు గనక ఇన్‌స్పెక్టర్ చలించలేదు.

బల్లకి ఇవతల కూర్చున్న డిటెక్టివ్‌ను ఊళ్ళో అందరూ జలగ అంటారు. అసలు పేరు లైసెన్సు మీద ఉంది గానీ దాన్ని పలికేవాళ్ళు లేరు. పట్టుకుంటే వదలడని పోలీసులు తిట్టుగా పెట్టిన పేరది. వ్యాపారానికి బాగానే పనికొస్తోందని ఆయన కూడా దాన్నే ఉంచేసుకున్నాడు.

బల్లకి అవతల, చేతులకి బేడీలతో, ఆవిడ తమ్ముడు. ఈ కంపెనీలోనే ప్రోగ్రామర్. అతని కంప్యూటర్‌కి అతని ఎదుటే సీలు వెయ్యాలని పోలీసులు అతణ్ణి ఇక్కడికి తీసుకొచ్చారు. సాయంత్రం ఐదింటికి కోర్టుకి తీసుకెళ్తారు. ఒకసారి అక్కడ హత్యానేరం చదివి వినిపించాక, ఆ మరక కడగడం జలగ వల్ల కూడా కాదు.

జరిగింది ఇదీ. మొన్న మధ్యాహ్నం పక్క వీధి ఆస్పత్రిలో మందుల గది తలుపు, తాళం పగలకుండా, గీత పడకుండా తెరుచుకుంది. మత్తుమందుల పెట్టెలు మాయమయ్యాయి. భోజనం మధ్యలో లేచొచ్చిన స్టోర్‌కీపర్ అడ్డుపడితే తల పగలగొట్టారు. అతను సాయంత్రానికే పోయాడు. ఆ తలుపుకి ఉన్నది కార్డు తాళం. తాళంలోని బుల్లి కంప్యూటర్ని నడిపే ఆపరేటింగ్ సిస్టం ఈ కంపెనీది. అందులో కార్డు రీడర్‌తో మాట్లాడే భాగాన్ని డ్రైవర్ అంటారు, దాన్ని రాసింది ఈ ప్రోగ్రామర్. దాంట్లో ఒక లోపం ఉందని కనిపెట్టింది కూడా ఇతనే, హత్యకి వారం ముందు.

"ఆ లోపం ఏంటో చెప్పు," అన్నాడు జలగ. "నాకు కంప్యూటరంటే కరెంటు బిల్లు కట్టడం వరకే తెలుసు."

"అయితే మీకు చెప్పి లాభమేంటి?"

"శిక్ష పడ్డాక చెప్తే లాభం లేదు. ఇప్పుడైతే ఉంది."

"చెప్పి చావరా!" అంది అక్క.

ప్రోగ్రామర్ పళ్ళు కొరుక్కున్నాడు. మొద్దు పిల్లాడి చేత ఎక్కం అప్పజెప్పించే విసుగుతో మొదలుపెట్టాడు. "కార్డు పెట్టగానే 'నా పేరు ఇంత పొడవు' అని కార్డే చెప్తుంది. అంత చోటుందా లేదా అని డ్రైవర్ చూస్తుంది. ఎక్కువైతే కీచుమని అరిచి కాదంటుంది. అంతవరకూ బానే ఉంది. కానీ కార్డు మరీ పెద్ద అంకె చెప్తే, స్కూటర్ మీటరు అంకెలన్నీ తిరిగి సున్నాకి వచ్చేసినట్టు, ఆ లెక్క చిన్నదైపోతుంది. డ్రైవర్ నమ్మేసి రాసుకోవడం మొదలెడుతుంది. పట్టనిది మెమరీలో పక్క గదిలోకి పొంగుతుంది. తలుపు తియ్యాలా వద్దా అన్న నిర్ణయం ఉండేది ఆ పక్క గదిలోనే."

"అంటే చిన్న అబద్ధాలాడితే దొరికిపోతారు, మరీ పెద్దదాడితే దొరకరు."

"అంతే."

"ఇది ఎవరెవరికి తెలుసు?"

"నాకూ, మా ప్రోగ్రాముల్ని పరీక్షించే టెస్టరమ్మకీ. లోపాన్ని పూడ్చే ప్యాచ్ అన్ని ఆస్పత్రులకీ ఒకేసారి పంపేదాకా ఎవరూ నోరు మెదపకూడదు. కన్నం ఉందని ముందే చెప్తే దొంగలకి దండోరా వేసినట్టే కదా."

"టెస్టరమ్మ ఆ టైముకి ఇరవైమంది ఎదుట మీటింగులో ఉంది," అని గుమ్మంలోంచి అందించాడు ఇన్‌స్పెక్టర్. "ఇతగాడెక్కడున్నాడో అడుగు."

"రోడ్డు మీద నడుస్తున్నా. ఆలోచన తెగకపోతే నడుస్తాను. ప్యాచ్ సగంలో ఆగిపోయింది."

"ఏ రోడ్డు?"

అక్క తల దించుకుంది.

"ఆస్పత్రి రోడ్డు," అన్నాడు ఇన్‌స్పెక్టర్ తియ్యగా. "ఇంకేమైనా పీల్చుకోవాలా, జలగా?"

జలగ లేచాడు. తన కేసులో తనకే నచ్చని విషయం బయటపడినప్పుడల్లా ఆయన నడవడానికి లేస్తాడు. ఈసారి నడిచింది కూడా అదే రోడ్డు.

* * *

మందుల గది ఆస్పత్రి వెనక వరండా చివర ఉంది. తలుపు పక్కన గోడకి అరచేయంత కార్డు రీడర్. జలగ గోటితో తలుపు అంచంతా తడిమాడు. చిన్న నొక్కు కూడా లేదు. లోపల పైకప్పుదాకా అరలు, అట్టపెట్టెలు, ఒక స్టూలు. ఫినాయిల్‌తో గట్టిగా కడిగిన చోట నేల మిగతా నేలకన్నా తెల్లగా ఉంది. లోపలివైపు కూడా ఒక రీడర్ ఉంది. మందులు పట్టుకుని ఎవరూ జారుకోకుండా, బయటికి రావాలన్నా కార్డు చూపించాల్సిందే.

కొత్త స్టోర్‌కీపర్ కార్డు పట్టుకుని బెదురుగా నిలబడ్డాడు. పోయినవాడి కుర్చీలో కూర్చోవాల్సి వచ్చినవాడు మరెలా ఉంటాడు! అదే సమయానికి కాపలా కానిస్టేబుల్ తన టిఫిన్ డబ్బా సంచిలో వేసుకుంటున్నాడు.

"ఎక్కడికి?" అన్నాడు జలగ.

"స్టేషన్‌కి రమ్మన్నారు సార్. పొద్దున్నే ప్యాచ్ వచ్చేసిందంట. ఇంక తలుపు గట్టిదే, కాపలా అక్కర్లేదన్నారు."

"నన్నొక్కణ్ణే వదిలేసి పోతావా అన్నా?" అన్నాడు స్టోర్‌కీపర్.

కానిస్టేబుల్ రీడర్ మీద వెలుగుతున్న పచ్చదీపాన్ని చూపించి వెళ్ళిపోయాడు. నిజానికి ప్యాచ్ సాయంత్రం పంపాలనుకున్నారు. స్టేషన్లో మనుషులు చాలక ఇన్‌స్పెక్టరే కంపెనీ వాళ్ళ వెంటపడి దాన్ని పొద్దున్నే పంపించేలా చేశాడు.

పక్కది సూదిమందు గది. రెంటికీ మధ్య ప్లైవుడ్ గోడ. నర్సు ట్రే కడుగుతూ జలగని చూసి, కడగడం ఆపకుండానే అంది. "చెప్పాల్సింది పోలీసులకి చెప్పేశాను."

"ఏం చెప్పారు?"

"ఎవర్నీ చూళ్ళేదని. చూశావా అన్నారు, లేదన్నాను. నేను ఇంకా పదిమందికి సూదులు వెయ్యాలి, వెళ్ళండి."

"ఏం విన్నారు?"

నర్సు చేతిలో ట్రే ఆగింది. "అది వాళ్ళడగలేదు."

"నేను అడుగుతున్నా."

ఆవిడ పంపు కట్టేసింది. చెప్పాలా వద్దా అని కాసేపు జలగ చొక్కా గుండీల వంక చూసింది. "మూడుసార్లు కీచుమంది. తప్పు కార్డు పెడితే అరిచే చప్పుడు. నాకు ఒళ్ళు మండింది, మా స్టోర్‌కీపర్ మళ్ళీ క్యాంటీన్ కార్డు పెడుతున్నాడని. నాలుగోసారికి తలుపు తెరుచుకుంది. నేను వార్డుకెళ్ళిపోయాను."

"మధ్యలో ఎంతెంత గ్యాపు?"

"ఊపిరి తీసి వదిలినంత. అన్నీ ఒకే తీరుగా. మనిషి కంగారుపడితే ఒకసారి గబుక్కున పెడతాడు, ఒకసారి కార్డు తిప్పి చూసుకుంటాడు కదా? ఇది అట్లా లేదు. లెక్కపెట్టుకుని పెట్టినట్టుంది." ట్రే పక్కన పెట్టి మళ్ళీ అంది. "అప్పుడే లేచెళ్ళి నాలుగు తిట్టుంటే ఆ వెధవ పారిపోయేవాడు. పాపం పెద్దాయన బతికుండేవాడు. ఆ మాట నన్ను తినేస్తోందండీ."

జలగకి ఓదార్చడం చేతకాదు. ఆ పని చెయ్యబోయి రెండుసార్లు కొత్త శత్రువుల్ని సంపాదించుకున్నాడు. అందుకే తన ఫోన్ నంబరు మాత్రం ఇచ్చి, మళ్ళీ ఏ చప్పుడు వినిపించినా ముందు తనకే చెయ్యమని చెప్పి బయటపడ్డాడు.

* * *

కంపెనీలో టెస్టరమ్మ గదిలో ఒక చెక్క పలక మీద అచ్చం అటువంటి కార్డు రీడరే బిగించి ఉంది. పక్కనే తలుపు లేని తాళం. నలభై దాటిన మనిషి, కళ్ళద్దాలు నెత్తి మీదకి తోసుకుని కూర్చుంది. జలగ వెంట ఇన్‌స్పెక్టర్, బేడీల ప్రోగ్రామర్, అతని అక్క అందరూ ఒకేసారి లోపలికి రావడంతో ఆవిడ మొహం చిట్లించింది.

"ఇది సంతనుకున్నారా?"

"మీ పరీక్ష ఒకసారి చూపించండి," అన్నాడు జలగ. "ప్యాచ్ వెయ్యని పాత డ్రైవర్ మీద."

"అది రహస్యం."

"ఆ రహస్యం వల్ల ఓ శవం లేచిందమ్మా. చూపించండి."

ఆవిడ విసురుగా ఒక మీట నొక్కింది. కార్డులా నటించే చిన్న యంత్రం రీడర్‌తో మాట్లాడింది. కీచు. కీచు. కీచు. టక్కుమని తాళం తెరుచుకుంది. మధ్యలో సందులన్నీ ఒక్కతీరే, ఊపిరి తీసి వదిలినంత.

జలగ రీడర్ మీదకి వంగాడు. "నాలుగోది అసలు కన్నం. మరి మొదటి మూడూ ఎందుకు?"

"చిన్న అబద్ధాలకి డ్రైవర్ సరిగ్గా కాదంటోందో లేదో చూడొద్దూ? పరీక్షంటే అన్నీ పరీక్షించాలి."

"తలుపు తియ్యాలనుకుంటే అవి అవసరమా?"

"అస్సలు అక్కర్లేదు."

జలగ ప్రోగ్రామర్ వైపు తిరిగాడు. "నువ్వైతే ఎన్నిసార్లు పెడతావు?"

"ఒక్కసారి. ఆ అంకె నాకు నోటికొచ్చు."

"నర్సు మూడు కీచులు విన్నది. మొన్న మధ్యాహ్నం ఆ తలుపు మీద నడిచింది ఈ పరీక్షే, మొదటి నుంచి చివరిదాకా. వచ్చినవాడికి లోపం తెలీదు. ఎవరో రాసిన పరీక్ష ఉన్నదున్నట్టు ఎక్కించుకొచ్చాడు." జలగ గొంతు తగ్గించాడు. "ఇది ఎప్పుడు రాశారమ్మా?"

"ప్యాచ్‌కి ముందే. మా దగ్గర ముందు పరీక్ష, తర్వాతే మరమ్మతు. పరీక్ష ముందు తప్పాలి, బాగుచేశాక నెగ్గాలి. అప్పుడే బాగుచేశామన్న నమ్మకం. ఈ పద్ధతి ఇక్కడికి తెచ్చిందే నేను," అంది టెస్టరమ్మ తలెత్తి.

"రాసి ఎక్కడ పెడతారు?"

"ఇంకెక్కడ? పరీక్షల ఫోల్డర్లో…"

మాట మధ్యలోనే తెగింది. కళ్ళద్దాలు నెత్తి మీంచి జారి ముక్కు మీద పడ్డా ఆవిడ సర్దుకోలేదు.

"ప్యాచ్‌ని దాచాం," అంది నెమ్మదిగా. "నేనూ అతనూ తప్ప ఎవరూ తెరవకుండా దాచాం."

"పరీక్షల్ని?"

"ఆ ఫోల్డర్ రోజూ దానంతటదే ఇంటర్నెట్లోకి పోతుంది. తాళాలు కొనేవాళ్ళు చూసుకోవడానికి. మేం దాచేదేం లేదని చూపించుకోవడానికి. దాన్ని ఆపాలని నాకు… నాకు తట్టనే లేదు."

తలుపుకి తాళం వేసి తాళంచెవి గుమ్మానికి వేలాడదీశారన్నమాట. క్రమశిక్షణ లేనివాళ్ళైతే పరీక్షని మరమ్మతు తర్వాతెప్పుడో రాసేవాళ్ళు, స్టోర్‌కీపర్ బతికిపోయేవాడు.

"రెండు రోజులు!" ప్రోగ్రామర్ గొంతు చీరుకుపోయింది. "రెండు రోజులు నన్ను కుక్కని లాగినట్టు లాగుతుంటే చూస్తూ కూర్చున్నావు!"

"నేనూ నువ్వేననుకున్నా!"

"ఎందుకనుకున్నావు?"

"లీడర్ పోస్టు నాకిచ్చారని నాతో పలకడం మానేశావు కదా!"

"పలకనివాళ్ళంతా హంతకులా?" అని అక్క మీదకి రాబోతుంటే జలగ అడ్డం నిలబడ్డాడు.

ఇన్‌స్పెక్టర్ ఒక్కడే ప్రశాంతంగా ఉన్నాడు. "ప్రపంచమంతా చూడొచ్చన్నారు కదా. వీడూ ప్రపంచంలోనే ఉన్నాడు. మనల్ని తప్పుదోవ పట్టించడానికి కావాలనే మూడుసార్లు అరిపించాడు."

"పట్టపగలు, దొంగ కార్డు చేత్తో పట్టుకుని, పక్కగదిలో మనిషుందని తెలిసీ ఎవడైనా కావాలని మూడుసార్లు చప్పుడు చేస్తాడా?"

"అది కోర్టులో చెప్పుకో."

"మీకు దొరికింది దొంగ కాదు ఇన్‌స్పెక్టర్ గారూ. చేతికందినవాడు."

"నీ లైసెన్సు ఎన్నాళ్ళుంటుందో నేనూ చూస్తా." ఇన్‌స్పెక్టర్ లేచి, టెస్టరమ్మ వైపు వేలు చూపించాడు. "ఈ గదిలో కంప్యూటర్లన్నీ ఇప్పట్నుంచి సాక్ష్యం. ఎవరూ ఒక్క మీట కూడా నొక్కడానికి వీల్లేదు."

ప్రోగ్రామర్ ఈ గొడవ వినడం లేదు. టెస్టరమ్మ తెర మీద ఉన్న వరుసల్ని చదువుతున్నాడు. "ప్యాచ్ సగంలో ఉండగా నన్ను పట్టుకెళ్ళారు," అన్నాడు. "పూర్తి చేసిందెవరు?"

"నేనే. పరీక్ష నెగ్గింది."

"నెగ్గుతుంది. నీ పరీక్షలో కార్డు ఒకే మాట మీద ఉంటుంది." అతని మొహంలో కోపం పోయి భయం వచ్చింది. "ఇక్కడ చూడు. పొడవెంతని కార్డుని అడిగి సరిచూశావు. బాగుంది. రాసుకునేటప్పుడు ఆ పొడవు మళ్ళీ కార్డునే అడిగావు. మొదటిసారి బుద్ధిగా చిన్న అంకె చెప్పి, రెండోసారి పెద్దది చెప్తే?"

టెస్టరమ్మ తెర మీదకి వంగి ఆ రెండు వరుసలూ మళ్ళీ చదివింది.

"ఒక్కసారే అడిగి, ఆ జవాబు మన దగ్గర రాసిపెట్టుకుని, దాన్నే సరిచూసి, దాన్నే వాడాలి. ఒక్క వరుస మార్పు. మొన్న రోడ్డు మీద నడిచింది దాని గురించే."

"ఈ సంగతి దొంగకి తెలుస్తుందా?" అన్నాడు జలగ.

"ప్యాచ్ వెళ్ళిపోయిందిగా. పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి చూస్తే, కన్నం ఎక్కడుందో ఎట్లా పూడ్చారో అంతా కనబడుతుంది. పనితనం ఉన్నవాడికి ఒక పూట చాలు." బేడీల చేతులు ముందుకి చాచాడు. "పది నిమిషాలు కీబోర్డు ఇవ్వండి. వేరే ప్యాచ్ పంపిస్తా."

"పోనీ నేను మారుస్తా," అంది టెస్టరమ్మ.

"సాక్ష్యం ముట్టుకోవద్దని ఇప్పుడే చెప్పాను," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "హత్య చేసినవాడికి నేనే ఆయుధం అందించాలా? బాగుంది! కోర్టు అనుమతి తెచ్చుకోండి, చూద్దాం."

"అయ్యా, కాపలా కూడా తీసేశారు అక్కడ," అన్నాడు జలగ.

"తీసింది నేనే. నీకు సంజాయిషీ చెప్పుకోవాలా?"

జలగ జేబులో ఫోన్ మోగింది. నంబరు కొత్తది. అందరికీ వినబడేలా స్పీకర్ పెట్టాడు.

"నేనండీ, సూదిమందు గది," అంది నర్సు, గాలి తప్ప గొంతు లేని గుసగుసతో. "పక్కగదిలో ఎవరో ఉన్నారు."

"కొత్త స్టోర్‌కీపర్ అయ్యుంటాడు," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"ఆ అబ్బాయి భోజనం చేస్తానని ఇందాకే చెప్పాడు. తలుపు ఇప్పుడు తెరుచుకుంది. ఒక్కసారి కూడా కీచుమనలేదు. లోపల అట్టపెట్టెలు లాగుతున్నారు."

"మా తమ్ముడు ఇక్కడున్నాడు!" అక్క అరిచింది. "మీ కళ్ళెదుటే ఉన్నాడు, బేడీలతో ఉన్నాడు! చూడండి!" అంతలోనే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అవతల ఎవరి కొంపో మునుగుతుంటే తన గొంతులో పొంగిన సంతోషానికి ఆవిడకే సిగ్గేసింది.

"లోపలివైపు రీడర్‌నీ ఇదే డ్రైవర్ నడుపుతుంది," ప్రోగ్రామర్ గబగబా అన్నాడు. "ఇక్కణ్ణుంచి దాన్ని ఆపేస్తే తలుపు రెండువైపులా బిగుసుకుపోతుంది. లోపలివాడు లోపలే. వాడు వెళ్ళిపోకముందే చెయ్యాలి, బేడీలు తియ్యండి!"

ఇన్‌స్పెక్టర్ కదల్లేదు. ఐదింటికి కోర్టుకి పట్టుకెళ్ళాల్సిన ముద్దాయి బేడీలు తన చేత్తోనే విప్పి, వాడు నిర్దోషి అని ఒప్పుకోవడం ఏ పోలీసుకైనా కష్టమే. ఫోన్లో ఇంకో పెట్టె జారిన చప్పుడైంది. ఆయన తిట్టుకుంటూ తాళంచెవి తీశాడు.

ప్రోగ్రామర్ వేళ్ళు కీబోర్డు మీద పరుగెత్తాయి. మీట నొక్కాడు. ఫోన్లో గడియ పడిన మోత గదిలో అందరికీ వినిపించింది. ఇన్‌స్పెక్టర్ తన ఫోన్లో మనుషుల్ని ఆస్పత్రికి పరిగెత్తమని అరుస్తున్నాడు. ప్లైవుడ్ అవతల ఎవరో తలుపుని గుద్దుతున్నారు.

"చిక్కాడు వెధవ," అన్నాడు జలగ. రెండు రోజుల్లో ఆయన నవ్వడం అదే మొదలు.

"అయ్యో," అంది నర్సు. "అయ్యో, రెండు గొంతులు వినిపిస్తున్నాయండీ. ఆ అబ్బాయి బయటికెళ్ళలేదు. భయమేసి లోపలే తలుపేసుకుని తింటూ పెట్టెల వెనక నక్కినట్టున్నాడు. ఏడుస్తున్నాడు…"

తర్వాత ప్లైవుడ్‌కి నోరానించి మాట్లాడినట్టు ఇంకో గొంతు దగ్గరగా వచ్చింది. అందులో తొందర లేదు.

"నర్సమ్మా, ఫోన్ పెట్టెయ్యకు. ఈ తలుపు బిగించినవాడెవడో వాడికి చెప్పు. పది అంకెలు లెక్కపెడతాను. తెరుచుకోకపోతే ఈ స్టోర్‌కీపర్ కూడా పాతాయన దగ్గరికే పోతాడు. ఒకటి."

"తెరవకు!" అన్నాడు ఇన్‌స్పెక్టర్. "మావాళ్ళు దారిలో ఉన్నారు!"

"తెరువు," అన్నాడు జలగ. "వాణ్ణి మళ్ళీ పట్టుకుంటా. తెరువు!"

"రెండు."

చెయ్యని హత్యకి రెండు రోజులుగా మాటలు పడ్డవాడి వేలి కింద ఇప్పుడు నిజంగానే ఒక ప్రాణం ఉంది. అతను ఇన్‌స్పెక్టర్ని చూడలేదు, జలగని చూడలేదు.

"అక్కా, ఏం చెయ్యను?" అన్నాడు.

రెండు రోజులుగా స్టేషన్ మెట్ల మీద కూర్చుని అడ్డమొచ్చిన ప్రతివాడితోనూ పోట్లాడిన అక్కకి, మొదటిసారి నోట మాట రాలేదు.